పాప పుస్తకం గురించి

మల్లేశ్వరం, బెంగళూరు

తమ్ముడూ,

పోయిన పాప జ్ఞాపకంగా, తన పుట్టినరోజుకి వాళ్ళ అమ్మానాన్నలకి ఇవ్వడానికి నువ్వు రాస్తున్న పుస్తకంలోంచి పంపిన పద్నాలుగు పేజీలూ చదివాను. అందులో తొమ్మిది పేజీలు ఆసుపత్రే. పాప బతికింది మూడేళ్ళ నాలుగు నెలలు, ఐసీయూలో ఉన్నది పదకొండు రోజులు. ఆసుపత్రిని ఒక పేజీకి, కుదిరితే అరపేజీకి దించు. జబ్బు పేరు, తేదీలు ఆసుపత్రి కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు, కారణాలు ఊహించకు. "ఇంకో గంట ముందు తీసుకెళ్ళుంటే" అన్న తండ్రి మాటతో పేజీ ముగించావు. తీసెయ్. ఆ పూట దుఃఖంలో అన్న మాట అది. అచ్చులో పడితే ఆయన ఏటేటా చదువుకోవాలి, చుట్టాలేమో నిజమే కాబోలు అనుకుంటారు.

"వికసించకముందే రాలిన మొగ్గ", "దేవుడికి ఇష్టమైనవాళ్ళని తొందరగా తీసుకెళ్తాడు", "పెద్దయితే డాక్టరయ్యేది" కొట్టేశాను. పోయిన ఏ బిడ్డకైనా అతుకుతాయవి. మూడోది మరీ అన్యాయం. లేని బతుకు రాస్తూ కూర్చుంటే ఉన్న బతుక్కి చోటుండదు.

నీ దగ్గర సరుకు తక్కువగా ఉంది. తప్పు నీ ప్రశ్నలో ఉంది. "పాప ఎలా ఉండేది?" అంటే ఏ తల్లయినా "చాలా చురుకు, అందరితో కలిసిపోయేది" అనే అంటుంది. రోజు పట్టుకుని అడుగు. పొద్దున్నే లేచి ముందు ఎవరి దగ్గరికెళ్ళేది? పాలు గ్లాసులోనా, సిప్పర్‌లోనా? చెప్పులు తనే వేసుకునేదా, ఎడమది కుడికాలికి వేసుకునేదా? లిఫ్టు బటన్ ఎవరు నొక్కాలి, వేరేవాళ్ళు నొక్కేస్తే ఏం చేసేది? నిద్రొచ్చేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టేది? పొద్దుటి నుంచి పడుకునేదాకా ఇలా ఒక్కరోజు పూర్తిచేస్తే నీకు ఆరు పేజీలొస్తాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోన్ రికార్డింగ్ వద్దు, నోట్‌బుక్కూ వద్దు. ఆ తర్వాత కూడా ముప్పావుగంట దాటి కూర్చోకు. ఒకసారి ఇద్దరితో కలిపి, ఒకసారి విడివిడిగా మాట్లాడు. ఇద్దరూ ఉంటే రెండోవాళ్ళు ఏడుస్తారని ఒకరు మాట మింగేస్తారు. విప్పి పెట్టిన గౌను ఉతక్కుండా దాచుకుని ఉంటే దాన్ని ముట్టుకోకు, "ఇంకా ఉంచారా" అని అనకు.

తర్వాత మిగతావాళ్ళు. డేకేర్ టీచరు, పనిమనిషి, గేటు దగ్గర సెక్యూరిటీ అతను, వ్యాన్ డ్రైవరు, వీధి చివరి కొట్టతను. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగస్తులైన ఇంట్లో పగటిపూట పాపని ఎక్కువగా చూసింది వీళ్ళే. మదనపల్లెలో ఉన్న అమ్మమ్మని మర్చిపోకు. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో ఆమెకి కనిపించిన పాప వేరు. ఎవర్ని అడగబోతున్నావో ముందు తల్లిదండ్రులకి చెప్పి వెళ్ళు.

కాగితాలు కూడా చూడు. తాయి కార్డులో, అంటే కర్ణాటకలో తల్లీబిడ్డలకి ఇచ్చే ఆరోగ్య కార్డులో, బరువులు, టీకా తేదీలు ఉంటాయి. తొమ్మిది నెలలప్పటి తట్టు-రుబెల్లా టీకా తేదీ చూపిస్తే ఆ వారం ఇంట్లో ఏం జరిగిందో తల్లికి వరసగా గుర్తొస్తుంది. ఫోటోల విషయంలో జాగ్రత్త. వాట్సాప్ ఫైలు పేరులో కనిపించే తేదీ ఫోటో ఆ ఫోనుకి చేరిన రోజుది, తీసిన రోజు వేరే అయి ఉండొచ్చు. తీసిన ఫోన్‌లోంచే అసలు ఫైలు డాక్యుమెంటుగా పంపమను. నాలుగు బై ఆరు అంగుళాల్లో శుభ్రంగా అచ్చవ్వాలంటే 1200 బై 1800 పిక్సెల్స్ ఉండాలి. కుదించిన ఫోటోలో కళ్ళు అలుక్కుపోతాయి.

2023 మే నెలలో పాపని వైట్‌ఫీల్డ్ నుంచి కబ్బన్ పార్కు దాకా మెట్రోలో తీసుకెళ్ళారని రాశావు. అప్పటికి కె.ఆర్.పురం వరకే లైను. కె.ఆర్.పురం, బయ్యప్పనహళ్ళి మధ్య ముక్క తెరిచింది 2023 అక్టోబరులో. మధ్యలో దిగి బస్సో ఆటోనో ఎక్కి ఉండాలి. దాని గురించి అడుగు. పాపకి రైలు కన్నా ఆ బస్సే నచ్చిందేమో, ఎవరికి తెలుసు. అదే పేజీలో, ఏడాదిన్నర పాప చేత "అమ్మా, ఆ పక్షులు ఎక్కడికి వెళ్తున్నాయి?" అనిపించావు. ఆ వయసు పిల్లలు విడి మాటలే అంటారు. రెండేళ్ళకు రెండు మాటలు కలుపుతారు, మూడేళ్ళకు మూడు నాలుగు. "కాకి! కాకి!" అందని తల్లి చెప్పి ఉంటే అదే రాయి.

తల్లి చెప్పిన మాట ఒకటి నువ్వు దిద్దేశావు కూడా. "నాకు అన్నం బేడ, చిప్స్ బేకు" అని పాప అంటే, "నాకు అన్నం వద్దు, చిప్స్ కావాలి" అని చేశావు. మళ్ళీ పెట్టెయ్. డేకేర్‌లో కన్నడం, ఇంట్లో తెలుగు విని పెరిగిన పిల్ల గొంతు అది, పద్నాలుగు పేజీల్లో పాప గొంతు వినిపించింది అక్కడొక్కచోటే. అలాగే "పాపకి సాంబారు ఇష్టం" అని తల్లి అంటే "ఇష్టంగా ఉండేది" అని మార్చకు.

ఇంట్లో ఆరేళ్ళ అన్న ఉన్నాడు. పదేళ్ళు పోతే వాడూ చదువుతాడు ఈ పుస్తకం. "ఇక బతకడానికి ఏమీ మిగల్లేదు" అన్న నీ వాక్యంలో వాడెక్కడున్నాడు? వాడితో మాట్లాడాలంటే అమ్మానాన్నలని అడిగి, వాళ్ళ ఎదురుగానే, చెల్లితో ఆడిన ఆటల వరకే. చెల్లిని ఒకసారి తోసినందుకే ఇలా అయిందని చిన్నపిల్లలు లోపల్లోపల అనుకోవడం మామూలే. అలాంటి మాట వస్తే రాసుకోకు, వాళ్ళమ్మకి చెప్పు.

పుస్తకం పుట్టినరోజుకే ఎందుకని అడిగావు. చాలా ఇళ్ళల్లో ఇంత చిన్నబిడ్డను పూడ్చిపెడతారు, మాసికాలూ తద్దినాలూ పెట్టరు. ఏటా కూర్చుని తలుచుకోవడానికి వాళ్ళకున్న రోజు పుట్టినరోజే.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగింపబడాలి, లేకపోతే చివర తెల్లకాగితాలు మిగులుతాయి. 24 పేజీలు అనుకో, 28 దాటొద్దు. అక్షరాలు 14 పాయింట్లుండాలి, అమ్మమ్మ చదవాలి కదా. పాప పేరు జనన ధ్రువపత్రంలో ఒకలా, ఇంట్లో పిలిచే తీరు ఇంకోలా ఉంది. అట్ట మీద ఏది ఉండాలో వాళ్ళనే అడుగు.

డ్రాఫ్టు పైకి చదివి వినిపించకు. ప్రింటు తీసి, పెన్సిల్‌తో పాటు ఇచ్చి వచ్చెయ్. వారం దాకా ఫోన్ చెయ్యకు. వాళ్ళు కొట్టేసిన వాక్యం నీకెంత నచ్చినా వాదించకుండా తీసెయ్. పుట్టినరోజుకి ఆరు వారాలుంది, ప్రెస్సుకి పది రోజులు వదులు. ఆ లెక్కన ఈ ఆదివారమే డేకేర్ టీచరుకి ఫోన్ చెయ్యాలి నువ్వు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య