బీటెక్ సీటు వచ్చింది, పుస్తకం మాత్రం తెరవలేకపోతున్నాను

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి వరకు ఊళ్లోనే తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంటర్ ఎంపీసీ హైదరాబాద్‌లోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పూర్తి చేశాను. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో నగర శివార్లలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ సీటు వచ్చింది. మేము బీసీలం. ర్యాంకు 10,000 దాటింది కాబట్టి రీయింబర్స్‌మెంట్ ₹35,000 వరకే వస్తుందట. మిగిలిన ఫీజుకు, హాస్టల్‌కు అమ్మ నగలను నాన్న తాకట్టు పెట్టారు. అన్నయ్య ఇంటర్‌తోనే చదువు ఆపేసి మెకానిక్ షెడ్డులో పనికి వెళ్తున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావగారు, కాలేజీ మొదలయ్యేలోపు పైథాన్, డేటా స్ట్రక్చర్స్ నేర్చుకోవాలంటూ రోజుకు పది గంటల టైమ్‌టేబుల్ రాసిచ్చారు. ఒక్కరోజు కూడా పాటించలేకపోయాను. పొద్దున తొమ్మిదింటికి లేస్తున్నాను. పుస్తకం తెరిస్తే ఏడుపు వస్తోంది. ఇంగ్లీషులో మాట్లాడాలంటే భయం. ఇంకో మూడు వారాల్లో తరగతులు మొదలు. మొదటి సెమిస్టరుకు ఎలా సిద్ధం కావాలి? నేను బద్ధకస్తురాలినా?

సలహా: అమ్మా, ముందు నీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. నువ్వు బద్ధకస్తురాలివి కావు. రెండేళ్లపాటు నీ రోజును నీ చేతిలోంచి తీసుకుని వేరెవరో నడిపారు. తెల్లవారకముందే వార్డెన్ తలుపు తట్టి లేపింది. ఎప్పుడు ఏ సబ్జెక్టు చదవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో గంట కొట్టి చెప్పారు. స్టడీ అవర్లో నువ్వు తల ఎత్తితే ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. వారాంతపు పరీక్ష, దాని మార్కులు, ఇంటికి వెళ్లే ఎస్సెమ్మెస్ అన్నీ నిన్ను వెనకనుంచి తోశాయి. ఇప్పుడు ఆ తోపుడు ఆగిపోయింది. అలసిన శరీరం నిద్ర అడుగుతోంది, అది న్యాయమే. ఎవరూ చెప్పకపోయినా కూర్చుని చదవడం అనే పని నీకు ఎప్పుడూ నేర్పలేదు. నేర్పని పని రాకపోతే నేరం నీది ఎలా అవుతుంది?

ఇలాంటి పిల్లలను చాలామందిని చూస్తుంటాను. ఇంటర్‌లో 950 పైన మార్కులు తెచ్చుకున్నవాళ్లు బీటెక్ మొదటి సెమిస్టర్లోనే రెండు మూడు సబ్జెక్టులు తప్పి, ఇంట్లో చెప్పలేక నా ముందు కూర్చుని ఏడుస్తారు. సబ్జెక్టు అర్థం కాక తప్పినవాళ్లు వారిలో తక్కువే. సాయంత్రం నాలుగున్నరకు తరగతులు అయిపోతాయి, ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగరు. రేపు చూద్దాం అనుకునేలోపు మొదటి మిడ్, అంటే సెమిస్టరు మధ్యలో పెట్టే పరీక్ష, వచ్చేస్తుంది. అసలు గండి పడేది అక్కడే.

అందుకే ఈ మూడు వారాల్లో నువ్వు సాధించాల్సింది ఒక్కటే. రోజులో రెండు గంటలు, నువ్వే ఎంచుకుని, నువ్వే కూర్చుని, నువ్వే లేవడం. పది గంటలు వద్దు, నాలుగు కూడా వద్దు. ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట చాలు. ఏ వేళో నువ్వే నిర్ణయించు. అమ్మను లేపమని అడగవద్దు, అలారం నువ్వే పెట్టుకో. ఫోను వేరే గదిలో ఉంచు. గంట ముగిశాక ఆ రోజు ఏం చేశావో నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయి. ఏమీ చేయలేకపోయినా అదే రాయి, కానీ కూర్చోవడం మానవద్దు. మొదటి నాలుగైదు రోజులు మనసు నిలవదు. ఆ తర్వాత నీకే తేడా తెలుస్తుంది. తక్కిన సమయంలో నిద్రపో, అమ్మతో వంటింట్లో ఉండు, స్నేహితులను కలువు. ఈ సెలవులు నువ్వు రెండేళ్లు కష్టపడి సంపాదించుకున్నవి.

బావగారి టైమ్‌టేబుల్‌ను గౌరవంగా పక్కన పెట్టు. ఆయన ప్రేమతోనే ఇచ్చారు, అందులో అనుమానం లేదు. కానీ ఆయన చూస్తున్నది నాలుగేళ్ల తర్వాత వచ్చే ఉద్యోగం. నీ ముందున్నది మొదటి మిడ్. జేఎన్టీయూ అనుబంధ కాలేజీల్లో ఇంజనీరింగ్ మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ సాధారణంగా సీ భాషతోనే మొదలవుతుంది. ఆయనకు ఇలా చెప్పు: "బావగారూ, పైథాన్ రెండో సెమిస్టర్ తర్వాత మీ దగ్గరే నేర్చుకుంటాను. ఇప్పుడు సీలో నాకు వచ్చే సందేహాలు ఆదివారం ఫోనులో తీర్చండి." అలా అడిగితే ఆయన కాదనరు, నీకూ ఒక పెద్దదిక్కు దొరుకుతుంది.

ఇక ఆ రెండు గంటల్లో ఏం చదవాలంటావా? కొత్త పుస్తకాలు కొనవద్దు. అటకమీద పెట్టేసిన ఇంటర్ గణితం పుస్తకాలు దించు. ఒకటో ఏడాది ఏ పేపరులోని మాత్రికలు, బీ పేపరులోని అవకలనం, రెండో ఏడాది బీ పేపరులోని సమాకలనం, ఈ మూడు అధ్యాయాలు చాలు. మొదటి ఏడాది ఇంజనీరింగ్ గణితం వీటి మీదే నిలబడుతుంది. ఉదాహరణకు మూడు సమీకరణాలను గాస్-జోర్డాన్ పద్ధతిలో సాధించడం నీకు వచ్చు. ఇంటర్‌లో జవాబు రాగానే తర్వాతి లెక్కకు పరుగెత్తావు. ఈసారి ఒక్క లెక్కే తీసుకో. అడ్డువరుసలను అలా మార్చినా జవాబు ఎందుకు మారదో నీకు నువ్వే చెప్పుకో. ఒక్కోసారి జవాబే ఉండదు, ఒక్కోసారి లెక్కలేనన్ని ఉంటాయి, అది ఎందుకో చూడు. బీటెక్‌లో మాత్రిక ర్యాంకు, ఆ తర్వాత వచ్చే ఐగెన్ విలువలు ఈ ఆలోచన వెంటే వస్తాయి. సూత్రం బట్టీపట్టి వెళ్లినవాళ్లు తడబడేది కూడా ఇక్కడే.

సాయంత్రం గంట సీ భాషకు ఇవ్వు. ల్యాప్‌టాప్ లేదని బెంగపడవద్దు, ఇప్పుడే అప్పు చేసి కొననూ వద్దు. సీ ప్రోగ్రాములు రాసి నడిపించే ఉచిత యాప్‌లు ఫోనులోనే ఉన్నాయి. ఆ ఒక్క గంటకు మాత్రం ఫోను దగ్గర పెట్టుకో. రెండు సబ్జెక్టుల మార్కులు తీసుకుని సగటు చెప్పే చిన్న ప్రోగ్రాము రాయి. పూర్ణాంకాలతో రాస్తే 7ను 2తో భాగించినప్పుడు మూడున్నర రాదు, 3 వస్తుంది. ఆ అరభాగం ఎక్కడికి పోయిందో వెతికి పట్టుకోవడానికి ఒక సాయంత్రమంతా పట్టినా పరవాలేదు. ప్రోగ్రామింగ్ అంటే ఆ వెతుకులాటే. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. వేలకు వేలు కట్టించుకునే కోర్సుల ప్రకటనలు ఈ నెలలో నీ ఫోనుకు వస్తూనే ఉంటాయి. ఒక్క రూపాయి కట్టవద్దు.

ఇంగ్లీషు భయం గురించి రాశావు. నువ్వు ఒక సంగతి మరిచిపోతున్నావు. పది వరకు తెలుగులో చదివి, ఇంటర్‌లో భౌతిక, రసాయన శాస్త్రాలను ఇంగ్లీషులో చదివి, పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకున్నావు. పాఠం ఇంగ్లీషు నీకు వచ్చేసింది. రానిది మాట్లాడే ఇంగ్లీషు, అది నోరు తిరిగితేనే వస్తుంది. కాలేజీలో మొదటి రోజుల్లో ప్రతి అధ్యాపకుడూ నిలబెట్టి నిన్ను నువ్వు పరిచయం చేసుకోమంటారు. మన పిల్లలు ఎక్కువగా వణికేది అప్పుడే. పేరు, ఊరు, ఇంటర్ ఎక్కడ, ఈ బ్రాంచి ఎందుకు, ఇష్టమైన పని, ఈ అయిదు వాక్యాలు సొంతంగా రాసుకుని రోజూ పైకి చెప్పు. పెద్ద పెద్ద పదాలు వద్దు. తెలుగు మాధ్యమంలో చదివానని ఆ వాక్యాల్లోనే చెప్పేయి. దాచుకుంటేనే భయం. చెప్పేశాక తరగతిలో నీలాంటివాళ్లు ఎందరున్నారో ఆ రోజే బయటపడుతుంది. ఉదయం చేసిన లెక్కను గోడకు పాఠం చెప్పినట్లు అయిదు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పడం కూడా అలవాటు చేసుకో. తరగతిలో సందేహం వస్తే పాఠం అయ్యాక అధ్యాపకుల దగ్గరకు వెళ్లి తెలుగులోనే అడుగు. విననివాళ్లు చాలా అరుదు.

నియమాలు కూడా కొన్ని ముందే తెలుసుకుని వెళ్లు. జేఎన్టీయూ హైదరాబాద్ 2022-23లో చేరినవారి నుంచి అమలుచేసిన ఆర్22 నిబంధనల్లో థియరీ సబ్జెక్టుకు 100 మార్కుల్లో 40 ఇంటర్నల్స్ (కాలేజీయే వేసే మార్కులు, మిడ్‌లు ఇందులోవే), 60 సెమిస్టర్ పరీక్ష. అంటే మిడ్ పరీక్షల్లో రాసిన ప్రతి అక్షరమూ లెక్కలోకి వస్తుంది, చివరి పది రోజులు రాత్రింబవళ్లు చదివి గట్టెక్కే ఇంటర్ పద్ధతి ఇక్కడ పనికిరాదు. హాజరు 75 శాతం ఉండాలి. 65కు, 75కు మధ్య ఉంటే తగిన కారణం చూపి, హాజరు తగ్గినందుకు మినహాయింపు కోసం కండోనేషన్ ఫీజు కట్టాలి. 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టరు మళ్లీ చదవాల్సిందే. నీ బ్యాచ్‌కు ఏ నిబంధనలు వర్తిస్తాయో, నీది అటానమస్ (పరీక్షలు సొంతంగా నిర్వహించుకునే) కాలేజీ అయితే వాళ్ల మార్కుల విభజన ఎలా ఉందో మొదటి వారంలోనే అడిగి రాసుకో. ఇండక్షన్ కార్యక్రమం జరిగే రోజుల్లో పాఠాలు లేవు కదా అని ఇంటికి వచ్చేయకు, స్నేహాలు కుదిరేది ఆ రోజుల్లోనే. డ్రాఫ్టర్, ఏప్రాన్, కాలిక్యులేటర్ లాంటివి ముందుగా కొనవద్దు. వెళ్లాక సీనియర్లను అడిగితే సగం ధరకు ఇస్తారు.

ఇక నీ గుండెలో అసలు బరువు గురించి మాట్లాడదాం. ఉత్తరంలో నగల మాట, అన్నయ్య మాట ఒక్కో వాక్యంతో సరిపెట్టావు. పుస్తకం తెరిస్తే ఏడుపు వచ్చేది గణితం వల్లే అంటే నేను నమ్మను. ప్రతి పేజీలో నీకు అమ్మ బోసి మెడ కనిపిస్తోంది. ఇంత పెట్టారు, నేను చదవకపోతే ఎలా అనే మాట మొదట్లో పట్టుదల ఇస్తుంది, రానురాను ఆ మాటే పుస్తకాన్ని ముట్టనివ్వదు.

నాన్నగారితో ఒకసారి కూర్చుని లెక్క అడుగు. నగల మీద ఎంత తెచ్చారు, వడ్డీ ఎంత, ఎప్పటిలోగా కట్టాలి? ఫీజు ఎంత, రీయింబర్స్‌మెంట్ పోను మనం కట్టేది ఎంత, హాస్టల్‌కు నెలకు ఎంత? "నీకెందుకమ్మా, నువ్వు చదువుకో" అంటారు. "తెలిస్తే నాకు భయం తగ్గుతుంది నాన్నా" అని చెప్పి మళ్లీ అడుగు. తెలియని అప్పు మనసులో కొండంత పెరుగుతుంది. కాగితం మీద పెడితే అది ఒక అంకె, దానికో గడువు, అంతే.

ఆ తర్వాత అందులో నీ పని నువ్వు తీసుకో. రీయింబర్స్‌మెంట్ కోసం ఆన్‌లైన్‌లో చేసే ఈ-పాస్ దరఖాస్తు బాధ్యత పూర్తిగా నీది. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో నీ పేరు అక్షరం తేడా లేకుండా ఉందో లేదో ఈ వారమే చూడు. తేడా ఉంటే ఊళ్లో ఉండగానే దిద్దించుకో. ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీసేవలో తీసుకో. నీ బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానమైందో లేదో కనుక్కో. ట్యూషన్ ఫీజుకు ఆర్టీఎఫ్, మెస్ ఖర్చులకు ఎంటీఎఫ్ అని రెండు ఉంటాయి. హాస్టల్లో ఉంటావు కాబట్టి నీకు ఎంటీఎఫ్ ఎంత వర్తిస్తుందో కాలేజీలో స్కాలర్‌షిప్ పనులు చూసే గుమస్తాను అడుగు. ప్రభుత్వం నుంచి ఈ సొమ్ము ఆలస్యంగా రావడం మామూలైపోయింది. అందుకే అది రాకముందే కాలేజీ కట్టమంటే ఏం చేయాలో నాన్నగారితో ఇప్పుడే అనుకోండి. సర్టిఫికెట్లన్నీ కాలేజీకి ఇచ్చే ముందు స్కాన్ చేసుకో. పరిశీలించాక ఒరిజినల్స్ తిరిగి ఇవ్వాలని యూజీసీ 2018లోనే చెప్పింది, కాబట్టి అడగడానికి మొహమాటపడకు.

అన్నయ్య సంగతి వేరు. అతను నీకోసమే చదువు ఆపేశాడని నువ్వు ఊహించుకుంటున్నావా, ఎవరైనా అన్నారా, లేక తనే చెప్పాడా? ఉత్తరంలో అది లేదు. కాలేజీకి వెళ్లే ముందు ఒక సాయంత్రం అతనితోనే మాట్లాడు. "నీకు చదవాలని ఉందా అన్నయ్యా?" అని సూటిగా అడుగు. షెడ్డు పనే ఇష్టం అంటే ఆ మాట నమ్ము, దాన్ని త్యాగం చేసి నీ నెత్తిన పెట్టుకోకు. చదవాలని ఉందంటే దారి ఉంది. డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఇంటర్ పాసైనవాళ్లు పని చేసుకుంటూనే డిగ్రీ చదవొచ్చు. అతని దరఖాస్తు దగ్గర నువ్వు కూర్చో.

హాస్టల్లో ఎవరైనా పరిచయం పేరుతో ఇబ్బంది పెడితే సర్దుకుపోవాలని చూడకు. ర్యాగింగ్ మన దగ్గర 1997 చట్టం ప్రకారం నేరం. యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522 ఇరవై నాలుగు గంటలూ పని చేస్తుంది. నంబరు నీ ఫోనులోనూ అమ్మ ఫోనులోనూ పెట్టుకోండి. అమ్మతో రోజూ ఫోను ఏ వేళకో ముందే అనుకుంటే మధ్యలో ఎత్తలేదని ఆమె కంగారుపడదు.

చివరిగా ఒక జాగ్రత్త. తగినంత నిద్రపోయి, ఈ రెండు గంటల పద్ధతి రెండు వారాలు ప్రయత్నించాక కూడా ఏడుపు తగ్గకపోయినా, తిండి సయించకపోయినా, బతుకు మీద విరక్తి లాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా, దాన్ని చదువు సమస్యగా చూడవద్దు. అది వైద్యం అవసరమైన విషయం. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు. జిల్లా ఆస్పత్రిలోని మానసిక వైద్యులను కలవాలనిపిస్తే అమ్మను వెంట తీసుకెళ్లు. తరగతులు మొదలయ్యాక అయితే మీ మెంటర్‌కు చెప్పు. మొదటి మిడ్ అయ్యాక ఎలా రాశావో నాకు మళ్లీ ఒక ఉత్తరం రాయి.