గుడి ముందు బట్టల సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: తిరుమల 300 రూపాయల దర్శనానికి టికెట్లు దొరికాయి. మా అబ్బాయికి జీన్స్ తప్ప ఏదీ నచ్చదు. అమ్మాయి కుర్తీ, లెగ్గింగ్స్ వేసుకుంటానంటోంది. వెనక్కి పంపేస్తారా?
– ఒంగోలు పాఠకురాలు

ప్రత్యేక ప్రవేశ దర్శనానికీ, ఆర్జిత సేవలకూ సంప్రదాయ దుస్తులు తప్పనిసరి. మగవాళ్లకు పంచె, ఉత్తరీయం గానీ కుర్తా పైజామా గానీ. ఆడవాళ్లకు చీర, లంగా ఓణీ, చున్నీతో చుడీదార్. అబ్బాయికి పంచె ఇష్టం లేకపోతే కుర్తా పైజామాతో గొడవ తీరిపోతుంది. అమ్మాయి లెగ్గింగ్స్ బదులు చుడీదార్ వేసుకుంటే మేలు. చున్నీ లేకపోవడం, కుర్తీ పొట్టిగా ఉండటం కూడా చిక్కే. మోకాలి కిందికి దిగే కుర్తీ, రెండుంపావు మీటర్ల చున్నీ తీసుకోండి. చున్నీని రెండు భుజాల మీదా పిన్నీసుతో పట్టించాలి. క్యూలో బ్యాగు, బిడ్డ, టికెట్టు మధ్య ముందు జారేది అదే. ఇంకోమాట, కొండ మీద పూలన్నీ స్వామివే. జడలో పూలు పెట్టుకుని వెళ్లకండి.

ప్రశ్న: గృహప్రవేశాలకూ సత్యనారాయణ వ్రతాలకూ మావారు పంచె కడతారు. పీటల మీద కూర్చున్నంతసేపూ చెయ్యి నడుము దగ్గరే ఉంటుంది. పంతులుగారు సంకల్పం చెప్తుంటే ఈయన పంచె చూసుకుంటారు. జారకుండా కట్టే పద్ధతి చెప్పండి.
– ఏలూరు పాఠకురాలు

ముందు కొలత చూడండి. మూర అంటే సుమారు 45 సెంటీమీటర్లు. అడ్డకట్టుకు, అంటే లుంగీలా చుట్టుకోవడానికి వాడే 4 మూరల పంచెతో గోచీ పోయడం కుదరదు. 8 మూరలు, అంటే దాదాపు 3.6 మీటర్లు కావాలి. నడుము 40 అంగుళాలు దాటితే 9 మూరలది తీసుకోండి. 9 మూరల పంచె, 5 మూరల కండువా కలిపి చాపుగా దుకాణాల్లో అమ్ముతారు.

కొత్త పంచెను అలాగే కట్టడం పెద్ద పొరపాటు. గంజి పట్టిన గుడ్డ దోపిన చోట నిలవదు. ఒకసారి తడిపి ఆరేయాలి. లోపల నైలాన్ నిక్కరు వద్దు, నూలుదే వేసుకోవాలి. నునుపు మీద నునుపు జారుతుంది.

కట్టేటప్పుడు పాదాలు అడుగు ఎడంగా పెట్టి నిలబడాలి. పంచెను నడుము వెనక నుంచి తెచ్చి, రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూసి, పై అంచులు రెంటినీ బొడ్డు దగ్గర బిగించి ముడి వేయాలి. అసలు పట్టంతా ఈ ముడిదే. ఎడమ వైపు మిగిలిన గుడ్డను నాలుగు వేళ్ల వెడల్పున కుచ్చిళ్లు పెట్టి, కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి, వెన్నెముక దగ్గర దోపితే గోచీ. కుడి వైపు గుడ్డను అంచు పైకి కనబడేలా కుచ్చిళ్లు పెట్టి బొడ్డు దగ్గర దోపాలి. మొలతాడు ఉంటే ప్రతి దోపునూ దాని కిందికి తోసేయండి. మొలతాడు అలవాటు లేనివారు గుడ్డ పట్టీ కట్టుకోవచ్చు.

కాళ్లు దగ్గరగా పెట్టి కట్టినప్పుడే గోచీ పొట్టిదవుతుంది. పీట మీద బాసింపట్టు వేయగానే వెనక దోపు ఊడి వస్తుంది. అందుకే కట్టాక ఇంట్లోనే ఒకసారి కింద కూర్చుని, ఒక సాష్టాంగం చేసి చూడమనండి. అక్కడ నిలిచింది పీటల మీదా నిలుస్తుంది. వెల్‌క్రో అతికించిన రెడీమేడ్ పంచెలను మేం చిన్నచూపు చూడం. మంత్రం మీద మనసు నిలుస్తుంటే అదీ మంచిదే.

ప్రశ్న: తిరువనంతపురం అనంతపద్మనాభస్వామి గుడికి వెళ్తున్నాం. చుడీదార్ రానివ్వరంటున్నారు. నిజమేనా?
– కరీంనగర్ పాఠకురాలు

నిజమే. 2016లో ఆలయ అధికారి చుడీదార్‌కు అనుమతిచ్చారు. ఆచారాల్లో తంత్రిదే (ఆలయ ప్రధాన పురోహితుడిదే) తుది మాట అంటూ అదే ఏడాది డిసెంబరులో కేరళ హైకోర్టు దాన్ని ఆపింది. చీర కట్టుకెళ్తే ఏ తంటా లేదు. చుడీదార్‌తో వెళ్లినవాళ్లు దాని మీద తెల్ల ముండు (కేరళ పంచె) చుట్టుకుని లోపలికి వెళ్తారు. మగవాళ్లు చొక్కా, బనీను తీసేసి పంచెతో వెళ్లాలి. గురువాయూరులోనూ మగవాళ్లది ఇదే పద్ధతి, చుడీదార్‌కు మాత్రం అక్కడ అభ్యంతరం లేదు. ఒక గుడి నియమాన్ని పక్క గుడికి అంటగట్టకండి.

ప్రశ్న: మా కాలనీ గుడికి అమ్మాయిలు బిగుతు బట్టలతో వస్తున్నారు. జపంలో కూర్చుంటే మనసు చెదురుతోంది. కమిటీ చేత బోర్డు పెట్టించాలనుకుంటున్నాం. ఏం రాయాలి?
– హైదరాబాద్ పాఠకుడు

బోర్డు సంగతి తర్వాత. దేవాలయంలో చేయకూడని సేవాపరాధాలు 32 అని పెద్దలు లెక్క చెప్తారు. బాగా ప్రచారంలో ఉన్న జాబితాలో బట్టల ఊసు ఒక్కచోటే వస్తుంది, కంబళి కప్పుకుని రావద్దని. మాటల తప్పులేమో వరసగా ఉన్నాయి: గట్టిగా అరవడం, ఒకరితో ఒకరు ముచ్చట్లాడుకోవడం, అబద్ధం, పరనింద, పరస్తుతి, కఠినంగా మాట్లాడటం. గుడికి వచ్చిన పిల్లను నిలబెట్టి ఆమె బట్టల గురించి నలుగురిలో అనడం వీటిలో దేని కిందికి వస్తుందో మీరే చూసుకోండి.

చెదిరే మనసుకు పాత చికిత్స ఒకటుంది. దర్శనాన్ని పాదాల దగ్గర మొదలుపెట్టి మోకాళ్లు, నడుము, వక్షం, చేతుల్లోని ఆయుధాలు, ముఖం, కిరీటం దాకా ఒక్కో చోటా ఒక్కో నామం చెప్పుకుంటూ చూపును పైకి తీసుకెళ్లాలి. చూపుకు పని దొరికితే పక్కకు పోదు. జపానికైతే మండపంలో దారికి ఎదురుగా కాకుండా స్తంభం పక్కన, వచ్చీపోయే జనం కనబడనంత వారగా కూర్చోండి. స్వామికి మాత్రం వీపు పెట్టకూడదు. జేబులో మోగే ఫోన్ సంగతి కూడా చూసుకోండి. తమిళనాడు గుళ్లలో ఫోన్లు ఆపమని 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు చెప్పింది.

బోర్డు పెట్టాలనే ఉంటే ఇద్దరికీ కలిపి రాయండి. నిక్కరుతో వచ్చే మగవాళ్లు అన్ని కాలనీల్లోనూ ఉన్నారు, వాళ్లను ఎవరూ ఏమీ అనరు. ‘మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలతో రండి. లేనివారికి పంచె, చున్నీ ఇక్కడే ఇస్తాం’ అంటే చాలు. చెప్పుల స్టాండు పక్కన అరడజను పంచెలు, అరడజను చున్నీలు మడతపెట్టి ఉంచండి. ఒకసారి వాడినదాన్ని ఉతకకుండా ఇంకొకరికి ఇవ్వకండి. చెమట వాసన చున్నీ చేతికిస్తే వచ్చినవాళ్లు గుమ్మంలోంచే వెనక్కి పోతారు.

ప్రశ్న: తిరుమలలో అంగప్రదక్షిణ మొక్కుంది. తడిబట్టలతో ఇబ్బంది లేకుండా ఎలా?
– కర్నూలు పాఠకుడు

పుష్కరిణిలో మునిగాక తెల్ల పంచె ఒక్క పొరగా ఉంటే ఒళ్లంతా కనబడుతుంది. లోపల మోకాళ్ల దాకా నూలు నిక్కరు వేసుకుని 8 మూరల పంచె కట్టండి. పొర్లేటప్పుడు అడ్డకట్టు విప్పుకుంటుంది, గోచీ పోసి కట్టడమే మేలు. కండువాను నడుముకు గట్టిగా చుట్టేయండి. ఆడవాళ్లు చుడీదార్ వేసుకుని, చున్నీని అడ్డంగా వేసి నడుము పక్కన ముడి వేసుకుంటే కాళ్లకు చుట్టుకోదు. రామేశ్వరంలో దీనికి తిరగేసిన నియమం. 22 తీర్థాల్లో స్నానమయ్యాక పొడిబట్టలు కట్టుకునే స్వామి దగ్గరికి వెళ్లాలి. ఒక జత వెంట ఉంచుకోండి.

ప్రశ్న: ఇక్కడ జనవరిలో మంచు. గుడి లోపలికి కోటు, సాక్సులతో వెళ్లవచ్చా?
– షికాగో పాఠకురాలు

లోపల హీటరు ఉంటుంది కాబట్టి కోటు హ్యాంగరుకు తగిలించి వెళ్లండి. పైన చెప్పిన కంబళి మాట మీకు సరిగ్గా వర్తిస్తుంది. సాక్సులు బూట్లలో తడిసినవి కాకుండా వేరే పొడి జత సంచిలో తెచ్చుకుని మార్చుకోండి. నున్నటి రాతి నేల మీద ప్రదక్షిణ చేస్తే సాక్సులు జారతాయి. అడుగున రబ్బరు చుక్కలున్నవి కొనుక్కోండి, పెద్దవాళ్లకైతే మరీ ముఖ్యం.