డ్రమ్ముల ఏది పోతదో అదే టెస్ట్ చెయ్ బిడ్డా

బిడ్డా, జడ్చర్ల కంపెనీల, లారీలెక్కే కెమికల్స్ ఎంత ప్రమాదమో టెస్ట్ చేసే సేఫ్టీ ల్యాబ్‌ల జాయినైనవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది, మస్తు సంతోషమైంది. చౌటుప్పల్ దిక్కు ఇరవై ఏండ్లు ఇదే పని చేసినోణ్ణి కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్న, తీరిగ్గ చదువు.

శాంపిల్ చేతికి రాంగనే మంట పెట్టకు. ముందుగాల స్ట్రక్చర్ చూడు, నైట్రో, అజైడ్, పెరాక్సైడ్ లాంటి పేలే గుణమున్న ముక్కలు ఉన్నయా అని. తర్వాత డీఎస్సీల, అంటే సరుకును మెల్లగ కాగబెట్టి అది ఎంత వేడి పుట్టిస్తదో కొలిచే మిషన్ల, రెండు మూడు మిల్లీగ్రాములే వెయ్, అది గూడ మూత గట్టిగ బిగిసే క్రూసిబుల్లనే, ఓపెన్ ప్యాన్ల వేస్తే సరుకు ఆవిరై పోయి వేడి పుట్టేది కనవడనే కనవడదు, గ్రాఫ్ సాఫ్‌గున్నదని మోసపోతవ్. పుట్టే వేడి గ్రాముకు 300 జౌల్స్ దాటిందంటే సెల్ఫ్ రియాక్టివ్, అంటే తనంతట తానే విరిగి వేడెక్కే సరుకని అనుమానం, 500 దాటితే పేలుడు సంగతి గూడ చూడాలె, సీనియర్లకు చెప్పకుండ గ్రాముల్ల ముట్టుకోకు.

ఫ్లాష్ పాయింట్, అంటే ద్రవం ఆవిరికి మంటంటుకునే అన్నిటికంటె తక్కువ వేడి చూసుడు, చిన్న పని అనుకుంటరు అందరు. 23 డిగ్రీల కంటె తక్కువైతే ప్యాకింగ్ గ్రూప్ 2 (ఇది రవాణాల ప్రమాదం మెట్టు, 1 అన్నిటికంటె ప్రమాదం), 23 నుంచి 60 దాకా గ్రూప్ 3, మరుగుడే 35 లోపల మొదలైతే గ్రూప్ 1. కొత్తల నేనొక మిక్స్‌డ్ సాల్వెంట్ సీసా మూత సరిగ బిగియ్యక ఎండాకాలం రాత్రంత బల్ల మీద పెట్టిన, పొద్దున క్లోజ్డ్ కప్‌ల, అంటే మూతున్న గిన్నెల చేసే ఫ్లాష్ పాయింట్ టెస్టుల, 26 వచ్చింది, గ్రూప్ 3 అని రాసిచ్చిన. మా సీనియర్‌కు అనుమానమొచ్చి డ్రమ్ముల నుంచి కొత్త శాంపిల్ తెప్పించి చేయిస్తే 21. తేలికవన్నీ ఎగిరిపోయినయ్ గదా మరి, నా రిపోర్ట్ పోయుంటే ఆ సరుకు తక్కువ ప్రమాదం లేబుల్ తోని రోడ్డెక్కేది. ఆ దినం నుంచి మంటంటుకునే శాంపిల్ ఏదైన ఫ్రిజ్‌ల నిండు సీసాల పెట్టినంకనే ఇంటికి పోయేటోణ్ణి.

పొడి సరుకైతే 250 మిల్లీమీటర్ల పొడుగు వరుస పోసి ఒక కొసకు మంట పెడ్తం, 100 మిల్లీమీటర్లు 45 సెకండ్ల లోపల కాలితే మండే ఘనపదార్థమే. ఇది కంటికి కనవడ్తది, భయం లేదు.

నాకు భయం సెల్ఫ్ హీటింగ్ తోనే. పచ్చిగున్న వరిగడ్డిని వాము వేస్తే లోపల చెయ్యి పెట్టలేనంత కాలుతది, అదే గడ్డి పిడికెడు అరుగు మీద పడేస్తే ఏం గాదు, పుట్టిన వేడి బయటికి పోతది కాబట్టి. కెమికల్ గూడ గంతే, చిన్న కుప్పల ఊకుంటది, పెద్ద బస్తాల వేడెక్కుతది. అందుకే 10 సెంటీమీటర్ల జాలీ డబ్బాల నింపి 140 డిగ్రీల ఓవెన్ల 24 గంటలు పెడ్తం, 200 దాటితే ఫెయిల్. ఆ 140 ఎందుకంటే, ఈ చిన్న డబ్బా 140ల ఉంటే 27 క్యూబిక్ మీటర్ల సరుకు 50 డిగ్రీల వేడిల ఉన్నట్టు లెక్క. మే నెల లారీ చిట్యాల కాడ డాబా ముందు ఎండల నిలవడ్తే లోపల గా 50 వింత కాదు బిడ్డా, మన దిక్కు ఎండ నీకు నేను చెప్పాల్నా.

డిస్పాచ్ వాళ్లు తొందర పెడ్తరు, వేరే కంపెనీ ఎస్‌డీఎస్‌ల (సేఫ్టీ డేటా షీట్‌ల) రవాణా సంగతులుండే 14వ సెక్షన్ కాపీ కొట్టుమంటరు. వాళ్ల గింజ సైజు వేరు, మిగిలిన సాల్వెంట్ వేరు, తడి వేరు. వాడేసిన పల్లాడియం కార్బన్ క్యాటలిస్ట్ నీళ్ల తడి ఉన్నన్ని రోజులు ఊకుంటది, ఆరిందంటే గాలికే అంటుకుంటది, మరి ల్యాబుల ఏది చేసినవ్, లారీల ఏది పోయింది? డ్రైవర్ చేతిలున్న ట్రెమ్ కార్డ్‌ల, అంటే దారిల ప్రమాదమైతే ఏం చెయ్యాల్నో చెప్పే కాయితంల, నువ్వు రాసిందే ఉంటది, ఆయనకు వేరే దారి లేదు.

సోమవారం డ్యూటీల దిగంగనే ప్రతి శాంపిల్ బ్యాచ్ నంబర్, తడి శాతం, ఎండబెట్టిన తీరు రాసిస్తేనే తీసుకుంటనని ప్రొడక్షన్ వాళ్లకు చెప్పు. ఓవెన్ల సరుకున్న రాత్రి ల్యాబ్‌ల మనిషి లేకుండ తాళమెయ్యనీయకు.

మీ పెద్దబాపు