మెట్రోలో నిలబడి చేసుకున్నా ప్రార్థనే

బుజ్జీ,

ప్రభువు నామంలో వందనాలు. ఉద్యోగంలో చేరి రెండు నెలలైనా ఒక్కరోజు కూడా సరిగ్గా ప్రార్థన చేసుకోలేదని, దేవుడికి కోపమొస్తుందేమోనని టెన్షన్‌గా ఉందని రాశావు. గదిలో నలుగురున్నారు, తెల్లవారుజామున లైటు వేస్తే గొడవ అన్నావు. లైటు వేయకు మరి.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని యేసు ప్రభువు చెప్పింది, జనం చూడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్ల గురించి చెబుతూ. గది లేనివాళ్లు మానుకోమని కాదు. మాది ఒంటిగది ఇల్లు. మీ నాయనమ్మ పొయ్యి దగ్గరే కొంగు తలమీదికి లాక్కుని కూర్చునేది. మీ నాన్న, నేను గోల ఆపేవాళ్లం.

బైబిల్లో హన్నా మందిరంలో ప్రార్థిస్తుంటే పెదవులు కదిలాయి కానీ స్వరం వినబడలేదు. ఏలీ యాజకుడు తాగి వచ్చిందనుకున్నాడు. నువ్వు మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారేదాకా పెదవులు కదిపితే పాట పాడుకుంటోందనుకుంటారు, అంతే. స్కూటీ మీద మాత్రం కళ్లు మూయకు తల్లీ.

నేను నర్సుగా చేసినన్నాళ్లూ నైట్ డ్యూటీల్లో నా ప్రార్థన ఒక్క ముక్కే: "ప్రభువా, నా చెయ్యి వణకనివ్వకు." అదే స్త్రీల కూడికలో ఒకసారి పావుగంట ప్రార్థన చేశాను. ఏమడిగానో గుర్తులేదు, ఎవరెవరు మెచ్చుకున్నారో మాత్రం ఇప్పటికీ గుర్తుంది!

నీకు పనికొచ్చేది నెహెమ్యా కథ. షూషను కోటలో రాజుకు ద్రాక్షారసం అందించే ఉద్యోగం. "నీకేం కావాలి?" అని రాజు అడిగాడు. జవాబు చెప్పేలోగా దేవునికి ప్రార్థన చేశాడట. ఎంతసేపు చేసి ఉంటాడు? రాజు ఎదురుచూస్తున్నాడాయె! మీ మేనేజర్ పిలిచినప్పుడు నీకూ అంతే టైముంటుంది. కానీ ముందు అధ్యాయం కూడా చదువు. యూదుల కిస్లేవు నెలలో, యెరూషలేము గోడలు కూలి ఉన్నాయన్న కబురు విని ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించాడు. రాజు అడిగింది నీసాను నెలలో. మధ్యలో సుమారు 4 నెలలు. ఆ రెప్పపాటు ప్రార్థన వెనక అంత ఉంది. అందుకే ఎక్కడైనా చేసుకోవచ్చు కదా అని, అసలు కూర్చోవడమే మానేయకు. పడుకునే ముందు ఫోను పక్కన పెట్టి ఓ పది నిమిషాలు చాలు, దుప్పటి కప్పుకునైనా సరే.

మాటలు వెతుక్కోకు. పాస్టరు గారిలా "పరిశుద్ధుడవైన తండ్రీ" అని మొదలుపెట్టాలని లేదు, నాతో మాట్లాడినట్టే మాట్లాడు. కోపమొస్తే కోపమే చెప్పు. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దావీదు అడగలేదా? నిద్రొస్తే పడుకో.

ఆదివారం చర్చికి ఎగ్గొడుతున్నావని తెలిసింది. మీ అమ్మకు నేను చెప్పను, నువ్వే చెప్పుకో.

మీ అత్తయ్య