గడ్డ మీద కత్తి పెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి, ఆశీస్సులు.

నీ క్లినిక్‌కు ఎక్స్-రే యంత్రం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. క్యాన్సర్ కేసుల్లో దాన్ని ఎలా వాడాలో రాయమన్నావు. నీ దగ్గరికి ఆడకుక్కల రొమ్ము గడ్డలే ఎక్కువ వస్తాయి కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

గడ్డ చేతికి తెలుస్తూనే ఉంది కదా, ఎక్స్-రే ఎందుకని యజమాని అడుగుతాడు. ఎక్స్-రే గడ్డకు కాదు, ఛాతీకి. ఈ గడ్డల్లో దాదాపు సగం ప్రాణాంతకమైనవి. అవి చంకల్లోని, గజ్జల్లోని లింఫు గ్రంథులకు, ఊపిరితిత్తులకు పాకుతాయి. ఊపిరితిత్తులకు చేరాక రొమ్ము గడ్డ కోసేసినంత మాత్రాన జబ్బు ఆగదు. పుండుపడి బాధపెడుతుంటే తీయవచ్చు. అయితే అది ఉపశమనం కోసమేనని యజమానికి ముందే చెప్పాలి.

ఒక్క ఫిల్ముతో సరిపెట్టవద్దమ్మా. కుడి పక్కకు పడుకోబెట్టి ఒకటి, ఎడమ పక్కకు ఒకటి, వెల్లకిలా ఒకటి తీయాలి. పక్కకు పడుకున్నప్పుడు కిందివైపు ఊపిరితిత్తి అణగి గాలి తగ్గుతుంది, తెల్లబడుతుంది. చిన్న గడ్డ ఆ తెలుపులో కలిసిపోతుంది. అదే గడ్డ పైవైపుకు వస్తే చుట్టూ ఉన్న నల్లని గాలిలో స్పష్టంగా తేలుతుంది. కుక్క నిండుగా గాలి పీల్చిన క్షణంలోనే తీయి. ఆయాసపడుతుంటే మాత్రం వెల్లకిలా వేయకు, బోర్లా చాలు.

గుండ్రని మచ్చ కనబడగానే కంగారుపడకు. చనుమొన నీడ కూడా అలాగే ఉంటుంది. చనుమొనకు ఎక్స్-రేలో తెల్లగా కనబడే బేరియం కొంచెం రాసి మళ్లీ తీస్తే, ఆ మచ్చ చనుమొనదో కాదో తెలిసిపోతుంది.

సుమారు 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవి ఎక్స్-రేలో సాధారణంగా దొరకవు. సీటీలో అంతకంటే చిన్నవీ దొరుకుతాయి కానీ దానికి చాలావరకు మత్తు కావాలి, ఖర్చూ ఎక్కువే. అందుకే "పాకలేదు" అని ఎప్పుడూ చెప్పకు, "ఎక్స్-రేలో కనబడలేదు" అను. ఈ రెండు మాటల మధ్య తేడా నీకు చిన్నదిగా తోచవచ్చు, ఆ కుటుంబానికి చాలా పెద్దది.

ప్లీహంలో గడ్డ కనిపిస్తే ఇంకా జాగ్రత్త. మామూలు రక్తపుగడ్డ, హిమాంజియోసార్కోమా అనే రక్తనాళాల క్యాన్సర్ అల్ట్రాసౌండ్‌లో ఒకేలా ఉండగలవు. తెర మీది బొమ్మ చూసి కుక్కను శాశ్వతంగా నిద్రపుచ్చమని సలహా ఇవ్వడం అన్యాయం. గుండె కుడి కర్ణికలోనూ, కాలేయంలోనూ గడ్డలున్నాయేమో చూడు. తీసిన ప్లీహాన్ని హిస్టోపాథాలజీకి, అంటే కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో పరీక్షించేవాళ్లకు పంపు, జబ్బు పేరు చెప్పవలసింది వాళ్లే. మూత్రాశయంలో గడ్డ అనిపిస్తే మాత్రం పొట్ట మీదుగా సూది గుచ్చవద్దు, సూది వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు నాటుకునే ప్రమాదం ఉంది.

వీధికుక్కల జననాంగాల దగ్గర రక్తం కారే గడ్డలకు సాధారణంగా ఇవేవీ అక్కరలేదు. స్లైడు మీద కణాలు చూడు. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు సంభోగంలో అంటుకునే కణితి అయితే విన్‌క్రిస్టిన్ అనే మందుకు చాలావరకు కరిగిపోతుంది.

కుక్కను చేతులతో పట్టుకుని ఎక్స్-రే తీయవద్దు. సీసపు తొడుగు చెదిరిన కిరణాలను తగ్గిస్తుందే కానీ నేరుగా పడేవాటిని పూర్తిగా ఆపలేదు. కొద్దిగా మత్తిచ్చి, ఇసుక సంచులు పెట్టి, నువ్వూ నీ సహాయకుడూ దూరంగా నిలబడండి.

ఆపరేషన్ అయిన కుక్క గడ్డ ప్రాణాంతకమని రిపోర్టు వస్తే, మొదటి ఏడాది 3 నెలలకోసారి పిలిపించి అవే మూడు కోణాల్లో ఛాతీ ఎక్స్-రే తీయి. పాతవాటి పక్కన పెట్టి చూశాకే మాట్లాడు.

నీ మామయ్య