నేపాల్ వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, ఒకసారి కాఫీ తాగుతూ, ఒకసారి ఎర్రపెన్ను పట్టుకుని. "మొహమాటం లేకుండా చెప్పండి మాస్టారూ" అన్నావు కాబట్టి మొదటి వాక్యం దగ్గరే బైఠాయిస్తున్నాను. "నేపాల్ క్రమంగా చైనా వైపు మొగ్గుతోంది." మొగ్గడానికి అదేమైనా తక్కెడా? మూడో పేజీలో "భారత్ అలిగింది" అన్నావు. ఐదో పేజీలో "నేపాల్ బెట్టు చేసింది" అన్నావు. పెళ్లిలో వియ్యాలవారి గొడవ చదువుతున్నట్టుంది నాకు. దేశం అలగడం ఎవరూ చూడలేదమ్మా. ఎవరో ఒక మంత్రి సంతకం పెట్టకుండా తాత్సారం చేస్తాడు, ఎవరో ఒక అధికారి లారీ ఆపుతాడు, ఎవరో ఒక వ్యాపారి సరుకు దాస్తాడు, ఎవరో ఒక ఓటరు ఇదంతా గుర్తుపెట్టుకుంటాడు. ఆ 'ఎవరో' ఎవరో కనుక్కుని రాయి. సగం వ్యాసం దానంతటదే బాగుపడుతుంది.

ఇదంతా నేను పుట్టుకతో నేర్చుకొచ్చానని అనుకోకు. 2015 సెప్టెంబర్ చివర్లో ఒక పత్రికకు కాలమ్ రాస్తుండేవాణ్ని. నేపాల్ కొత్త రాజ్యాంగం మీద గొడవతో అక్కడి సరిహద్దులో లారీలు నిలిచిపోయాయని వార్త వచ్చింది. నేను కాగితం మీద లెక్క వేశాను. సముద్రం లేని దేశం. పెట్రోలు, డీజిలు, వంటగ్యాసు మొత్తం ఇండియన్ ఆయిల్ నుంచే. బయటి వ్యాపారంలో మూడింట రెండొంతుల దాకా మనతోనే. పైగా ఏప్రిల్ 25న వచ్చిన భూకంపంలో దాదాపు తొమ్మిది వేలమంది పోయారు, ఇళ్లు ఇంకా లేవలేదు. ఇంకేముంది, దసరా లోపు ఖాట్మండు దిగొస్తుందని ఢంకా బజాయించి రాసేశాను. దసరా పోయింది, దీపావళి పోయింది, సంక్రాంతీ పోయింది. జనవరిలో రాజ్యాంగానికి ఒక సవరణ మాత్రం చేశారు, దాన్ని ఆందోళన చేస్తున్నవాళ్లే చాలదన్నారు. ఆ కాలమ్ కత్తిరింపు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. పారేయబుద్ధి కాలేదు.

నా అంకెల్లో తప్పు లేదు. అందుకే చాలా రోజులు జుట్టు పీక్కున్నాను. చివరికి 1989 గుర్తొచ్చింది.

ఆ ఏడాది మార్చిలో రెండు దేశాల మధ్య వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరింది. నేపాల్ రాజు చైనా నుంచి ఆయుధాలు కొన్నాడని ఢిల్లీకి కోపం. అక్కడ పనిచేసే భారతీయులు పర్మిట్లు తీసుకోవాలన్నారని ఇంకో కోపం. రెండు మినహా సరుకు దారులన్నీ మూసేశారు. కిరోసిన్ కోసం జనం బారులు తీరారు. ఏడాది తిరిగేసరికి, 1990 ఏప్రిల్‌లో, రాజు బీరేంద్ర పార్టీల మీద నిషేధం ఎత్తేయాల్సి వచ్చింది. దానికి వేరే కారణాలు బోలెడున్నాయి, తూర్పు యూరప్ నుంచి వీచిన గాలి కూడా ఉంది. కానీ పొయ్యి ఆరిపోయినప్పుడు పుట్టిన కోపం చాలావరకు సొంత దర్బారు మీదికే మళ్లింది. 2015లో అదే పొయ్యి ఆరితే కోపం ఢిల్లీ మీదికి మళ్లింది.

పట్టు ఒకటే, ఫలితాలు రెండు. నీ వ్యాసం మొదలవ్వాల్సింది ఇక్కడ.

1989లో పోయిన పరువు రాజుగారిది. 2015 నాటికి కథ వేరు. పదేళ్ల అంతర్యుద్ధం అయింది, 2008లో రాచరికం పోయింది. మొదటి రాజ్యాంగసభ పని పూర్తికాకుండానే రద్దయింది, రెండో సభ చచ్చీచెడీ సెప్టెంబర్ 20న రాజ్యాంగం ప్రకటించింది. దానికి రెండు రోజుల ముందు మన విదేశాంగ కార్యదర్శి ఖాట్మండు వెళ్లి, అందరినీ కలుపుకున్నాకే ప్రకటించమని చెప్పి వచ్చారు. ఆ సలహాలో న్యాయం లేదనను. మన సరిహద్దు పక్కనున్న తరాయి మైదానంలో మైథిలి, భోజ్‌పురి మాట్లాడే మధేసీలు, వాళ్లతోపాటు అక్కడి ఆదివాసులైన థారూలు, మా వాటా ఏదని రోడ్డెక్కారు. అప్పటికే నలభై మందికి పైగా చనిపోయారు. కానీ కొండల్లో వాళ్లకు వినిపించింది వేరు: ఎన్నో ఏళ్లకు మా ఇంట్లో మేం రాసుకున్న కాగితాన్ని పక్కింటాయన దిద్దబోయాడు. మూడు రోజులకు లారీలు ఆగాయి. దిగ్బంధం మేం చేయలేదని, గొడవలకు భయపడి డ్రైవర్లే వెళ్లడం లేదని ఢిల్లీ అంది. ఖాట్మండులో దాన్ని నమ్మినవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఒక వస్తువును దగ్గరగా చూడు. నేపాల్ ఇంట్లో గ్యాసుబండ మన ఇంట్లోదే, 14.2 కిలోలు. ఆ చలికాలంలో నేపాల్ ఆయిల్ నిగమ్ వాళ్లు దాన్ని సగమే నింపి ఇచ్చారు, 7.1 కిలోలు. బండ ఎత్తగానే చేతికి తెలిసిపోతుంది. ఇండక్షన్ స్టవ్ కొందామంటే దుకాణాల్లో అయిపోయాయి. దొరికినా కరెంటు ఉండేది కాదు. రాజధానిలో ప్రభుత్వమే వంటచెరకు అమ్మింది. హోటళ్లు మెనూలో సగం కొట్టేసి, ఉడకబెట్టే పని తక్కువున్నవే వడ్డించాయి. నువ్వు "ఆర్థిక ఒత్తిడి" అని రాసి ముందుకు వెళ్లిపోయావే, అది ఇదీ. రోజూ పొద్దున సగం బండ మోసుకొచ్చే మనిషికి ఎవరి మీద కోపం రావాలో పాఠం చెప్పక్కర్లేదు.

మన వీధి కిరాణా కొట్టు గుర్తుందా? ఖాతా ఉన్న కొట్టు. ధర న్యాయమే, సరుకు మంచిదే, అయినా నలుగురు నిలబడ్డప్పుడు కొట్టాయన "పాత బాకీ కాస్త చూడండి" అంటే, మర్నాటి నుంచి రెండు వీధులు నడిచి వేరే కొట్టుకు పోతాం. అక్కడ పంచదార కిలోకు రెండు రూపాయలు ఎక్కువైనా సరే. నెల తిరిగాక మళ్లీ ఈ కొట్టుకే వస్తాం, అదీ నిజమే. అవసరం ఉంటే మనిషి తగ్గి ఉంటాడని నేను 2015లో అనుకున్నాను. అవసరం ఉన్న చోటే మాట ఎక్కువ గుచ్చుకుంటుందని కొట్టు ముందు నిలబడ్డ ఏ గృహిణినడిగినా చెప్పేది.

వాళ్లూ వేరే కొట్టుకు నడిచారు. ఆ శీతాకాలం చైనా 13 లక్షల లీటర్ల పెట్రోలు ఉచితంగా ఇచ్చింది. దేశం అవసరంతో పోలిస్తే అది చెంచాడే, కానీ హిమాలయాల అవతలి నుంచి ట్యాంకర్లు దిగుతున్న ఫోటో చెంచాడు కాదు. 2016 ఫిబ్రవరిలో నేపాల్ ప్రధాని ఓలీ ఢిల్లీ వచ్చారు, మార్చిలో బీజింగ్ వెళ్లి చైనా రేవులు వాడుకునే రవాణా ఒప్పందం చేసుకున్నారు. నువ్వు మార్చి గురించి పేజీన్నర రాశావు, ఫిబ్రవరిని ఒక్క ముక్కలో తేల్చేశావు. విశాఖలో కూర్చుని ఇలా చేశావు చూడు, అక్కడే నాకు ఒళ్లు మండింది! ఆ ఫిబ్రవరిలో మార్చుకున్న పత్రాల్లో ఒకటి మీ ఊరి రేవు గురించే. నేపాల్ సరుకు విశాఖలో దిగి రైల్లో వెళ్లడానికి దారి పడింది అప్పుడే. అప్పటిదాకా వాళ్ల సరుకు దిగే కోల్‌కతాది నది రేవు, లోతు తక్కువ, పెద్ద ఓడలు నేరుగా రాలేవు. విశాఖకు ఆ బెడద లేదు. 2017 నుంచి నేపాల్ సరిహద్దు పట్టణం బీర్‌గంజ్‌కు కంటైనర్లు అక్కడి నుంచి వెళుతున్నాయి. చైనా చూపించిన తియాన్‌జిన్ రేవు నేపాల్ సరిహద్దుకు మూడు వేల కిలోమీటర్ల పైమాటే. ఒప్పందం సంతకం ఎటు పోయిందీ, ఓడ ఎటు పోయిందీ, రెండూ రాయి. పాఠకుడికి "మొగ్గు" అన్న మాటతో పని ఉండదు.

ఇక దిగ్బంధం ఎలా విడిందన్నది నీ వ్యాసంలో అసలు లేదు. బిహార్‌లోని రక్సౌల్‌కూ, అటు బీర్‌గంజ్‌కూ మధ్య మైత్రీ వంతెన ఉంది. అక్కడ రెండు దేశాలకీ చెందని నేల పట్టీని అక్కడివాళ్లు 'దస్‌గజా' అంటారు, పదేసి గజాలని. ఆందోళనకారులు డేరాలు వేసుకున్నది ఆ పట్టీ మీదే. ఇటు బంకుల్లో కొన్న పెట్రోలు డబ్బాల్లో, సైకిళ్ల మీద అటు చేరి బ్లాకులో అమ్ముడయ్యేది. అంటే దిగ్బంధం మీద బతికినవాళ్లూ ఉన్నారు. కానీ లారీ కదలకపోతే రెండు ఊళ్ల షావుకార్లూ మునుగుతారు. ఫిబ్రవరి 5న రెండు వైపుల వ్యాపారులూ, స్థానికులూ కలిసి వెళ్లి ఆ వెదురు డేరాలు పీకేసి వంతెన తెరిచారు. రాజధానులు రెండూ నాలుగు నెలలుగా తేల్చనిది ఒక పూటలో తేలింది. వాళ్లది 'రోటీ-బేటీ' చుట్టరికం, తిండీ అక్కడే, పిల్లనిచ్చేదీ అక్కడే. 1,700 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ సరిహద్దు దాటడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. వంద రూపాయలిస్తే నూట అరవై నేపాలీ రూపాయలు, 1993 నుంచి అదే రేటు.

దీన్ని చదివి నువ్వు "అయితే చివరికి డబ్బే గెలుస్తుందన్నమాట" అనుకుంటావని నాకు తెలుసు. నీ ఆఖరి పేజీలో ఆ వాక్యం ఉంది, అడ్డంగా కొట్టేశాను. 2017 ఎన్నికల్లో ఓలీ కూటమి ఊడ్చుకుపోయింది. సగం బండ మోసినవాళ్లు, దానికి లొంగలేదని చెప్పుకున్న మనిషికే ఓటేశారు. తెలుగువాళ్లకు ఇది విడమరచి చెప్పాలా? తెలంగాణ ఉద్యమం అడిగింది నీళ్లు, నిధులు, నియామకాలు. మూడూ లెక్కకు దొరికేవే, మూడూ బడ్జెట్ కాగితంలో ఉండేవే. మరి జనాన్ని రోడ్డు మీద నిలబెట్టిన మాట ఏది? ఆత్మగౌరవం. నీళ్లలో ఎక్కడ లెక్క ఆగి ఎక్కడ గౌరవం మొదలైందో ఎవరైనా గీత గీయగలరా? 1983లో కోస్తాలో, సీమలో, తెలంగాణలో ఓట్లు కొల్లగొట్టిన మాటా అదే. అభిమానం ముసుగు, లోపలున్నది డబ్బు అని రాయడం తెలివిగా కనిపిస్తుంది గానీ చాలాసార్లు బద్ధకమే.

ఒకే మనిషిలో రెండూ ఎలా ఉంటాయో చూడు. 2019 సెప్టెంబర్ 10న మన ప్రధానితో కలిసి ఓలీ వీడియోలో ఒక బొత్తాం నొక్కారు. బిహార్‌లోని మోతిహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్ దాకా 69 కిలోమీటర్ల డీజిలు పైప్‌లైన్ మొదలైంది. లారీలు ఆపి వాళ్లను ఏడిపించిన చోటికి దగ్గరలోనే, ఆగడానికి లారీయే లేని దారి. ఎనిమిది నెలలు తిరిగాయి. 2020 మే 8న మన రక్షణమంత్రి హిమాలయాల్లో లిపులేఖ్ కనుమ దారిలో రోడ్డు ప్రారంభించారు. పన్నెండు రోజుల్లో అదే ఓలీ ప్రభుత్వం లింపియాధురా, కాలాపానీ, లిపులేఖ్ తమవేనంటూ కొత్త పటం అచ్చువేసింది. 275 మంది సభలో 258 మంది అవునన్నారు, కాదన్నవాడు ఒక్కడూ లేడు. 1816 నాటి సుగౌలీ ఒడంబడికలో కాళీ నది సరిహద్దు అని రాశారు, నది ఎక్కడ పుడుతుందన్నదే పేచీ. దాన్ని మనిద్దరం ఇక్కడ తేల్చలేం. నేను చూడమంటున్నది ఒక్కటే, ఆ పటం గొడవకు పైప్‌లైన్‌కు తాళం పడలేదు. పైప్‌లైన్ ఉందని పటం ఆగనూ లేదు.

కరెంటు సంగతి నీకు వదిలేస్తున్నాను. 2024 జనవరిలో పదేళ్లలో పదివేల మెగావాట్లు కొంటామని ఢిల్లీ ఒప్పుకుంది, చైనా చేయి పడిన ప్రాజెక్టుల కరెంటు మాత్రం వద్దంటోంది. మెగావాట్‌కు కులం ఉందా అని నవ్వకుండా, ఆ నిబంధన ఎందుకు వచ్చిందో కనుక్కో.

ఒక చిన్న మాట, వ్యాసానికి సంబంధం లేనిదే. మా వీధిలో రాత్రిపూట ఈల ఊది, కర్ర నేలకు కొడుతూ తిరిగే ఆయన్ని ముప్ఫై ఏళ్లుగా 'గూర్ఖా' అంటున్నాం. ఒకటో తారీఖు దాటాక వచ్చి సలాం కొట్టి డబ్బు పుచ్చుకుంటాడు. గోర్ఖా అంటే నేపాల్‌లో ఒక జిల్లా, నేపాల్‌ను ఏకం చేసిన రాజు పృథ్వీనారాయణ్ షా రాజ్యం మొదలైన నేల, వాళ్లు ఛాతీ విరిచి చెప్పుకునే పేరు. మనకది వాచ్‌మన్ ఉద్యోగం. నీ వ్యాసం చదివాక గానీ, ఆయనది కొండా తరాయా అని ఒక్కసారీ అడగలేదని నాకు గుర్తు రాలేదు.

రెండో ప్రతి రాసే ముందు రేవుకు వెళ్లు. లోపలికి రానివ్వకపోతే గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి క్లియరింగ్ ఏజెంట్లను పట్టుకో. బీర్‌గంజ్ పెట్టెల్లో ఏం వెళుతోందో, రైలు ఎన్ని రోజులు పడుతుందో, ఆలస్యమైతే డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము, ఎవరు కడతారో అడుగు. మూడోదానికి ఎవరు ముందు తల గోక్కుంటారో చూసి రాసుకో. కాగితానికి ఒకవైపే రాసి పంపు, వెనక అక్షరాలు ఇవతలికి కనబడి నా కళ్లు బైర్లు కమ్ముతున్నాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు