నల్గొండ నుంచి మిర్యాలగూడకు రోజూ పోయి రావాలంటే పెట్రోల్ కారా, సీఎన్‌జీనా?

పోను రాను సుమారు 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అంటే 2,000 కిలోమీటర్లు. ఇంత తిరిగేవాళ్లకు నా ఓటు కంపెనీ ఫిట్టింగ్ సీఎన్‌జీకే.

ఉదాహరణకు మారుతి వ్యాగన్ఆర్ లీటర్ ఇంజన్ కారునే తీసుకోండి. కంపెనీ చెప్పే మైలేజీ పెట్రోల్‌కు లీటరుకు 24.35, సీఎన్‌జీకి కిలోకు 34.05. అది ల్యాబ్‌లో రోలర్ల మీద తీసిన లెక్క. మన ఎండకు ఏసీ ఆపలేం, ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లే. కాబట్టి 19, 26 వేసుకోండి. పెట్రోల్ 107, గ్యాస్ 97 రూపాయలు అనుకుంటే నెలకు పెట్రోల్‌కు దాదాపు 11,250, గ్యాస్‌కు 7,450. మిగిలేది 3,800. సీఎన్‌జీ కారుకు అదనంగా పెట్టే 90 వేల పైచిలుకు రెండేళ్లలో వచ్చేస్తుంది. నెలకు 600 కిలోమీటర్లే తిరిగితే మాత్రం ఏడేళ్లు పడుతుంది, అప్పుడు పెట్రోలే నయం.

ఇబ్బందులూ ఉన్నాయి. డిక్కీ నిండా సిలిండరే, బియ్యం బస్తా వెనక సీట్లో పెట్టాల్సిందే. టాటా టియాగో కారులో రెండు చిన్న సిలిండర్లు కింద పెట్టారు కాబట్టి కాస్త చోటు మిగులుతుంది. బుక్ చేసేముందు మీరు పోయే దారిలో బంకు ఎక్కడుందో, సాయంత్రం లైన్ ఎంత ఉంటుందో ఒకసారి స్వయంగా చూసి రండి. బయట కిట్ పెట్టిస్తే చవకే గానీ వారంటీ టెన్షన్.

డీజిల్ సంగతి వదిలేయండి, మారుతి 2020లోనే ఆపేసింది.